నిటారుగా నడిచే మనిషి

ఆపరేషన్‌కి ఇంక పదకొండు రోజులుందనగా, వింకా తన అన్న దగ్గరున్న నడుం బెల్టు తెచ్చుకోవడానికి వెళ్ళింది. వెళ్ళింది దానికోసమే. తెచ్చుకున్నది మాత్రం వేరు.

వింకా, లూచిత్సా అనే ఊరికి ఇరవై రెండేళ్ళుగా పోస్టు పంచే మనిషి. రేవు దగ్గర నుంచి కొండ మీదికి పాకిన ఊరది. ఇళ్ళ మధ్య బండి తిరిగే దారి లేదు, ఎక్కడికి పోవాలన్నా రాతిమెట్లే. రేవు నుంచి చివరి ఇంటికి మూడు వందల పన్నెండు మెట్లు. ముసలివాళ్ళ పింఛన్లు, కరెంటు బిల్లులు, పట్నంలో చదివే పిల్లలకి పోయే ఎండు అత్తిపళ్ళ పొట్లాలు, అన్నీ ఆమె భుజం మీదే ఎక్కేవి, దిగేవి. తొమ్మిదేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున, ఎవరో తెప్పించుకున్న బూట్ల పెట్టె ఎత్తబోయింది. బరువేం కాదు, చిన్నపిల్ల కూడా ఎత్తేస్తుంది. నడుంలో కలుక్కుమంది. అంతే. ఆ కలుక్కు మళ్ళీ పోలేదు.

మొదటి ఏడాది పోతుందనుకుంది. రెండో ఏడాది నూనెలు, వేడి ఇసుక మూటలు అయ్యాయి. మూడో ఏడాది ఎవరో చెప్పారని తేనెటీగలతో నడుం మీద కుట్టించుకుని, నడుం నొప్పికి తోడు జ్వరం తెచ్చుకుంది. తర్వాత సూదులు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, కూర్చుని ఒక్క పూట భోజనం పూర్తి చెయ్యలేని స్థితికొచ్చింది. సగం తిని లేచి, పళ్ళెం చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని మిగతాది తినేది. కాళ్ళకి మేజోళ్ళు భర్త రోకోనే తొడగాలి. రోకో ఓడరేవులో తాళ్ళు కట్టే పని చేస్తాడు. పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని మేజోళ్ళు తొడుగుతూ, “మహారాణీగారూ, కుడికాలు” అనేవాడు. మొదట్లో ఆమె నవ్వేది. ఈ మధ్య నవ్వడం లేదు.

ఫిబ్రవరిలో స్ప్లిత్ పట్నం వెళ్ళి, వెన్నుపూసల ఆపరేషన్లు చేసే డాక్టర్ మారుషిచ్‌ని కలిశారు. నడుం కింద రెండు పూసల మధ్య మెత్త అరిగిపోయిందనీ, మరలూ కడ్డీలూ వేసి ఆ రెంటినీ కలిపేసే ఆపరేషన్ ఉందనీ ఆవిడ చెప్పింది. ఇంకా చాలాసేపు ఏదేదో చెప్పింది. వింకా తలాడించింది. జూన్ ఆరున రమ్మన్నారు.

కానీ అసలు నిర్ణయం ఆ గదిలో జరగలేదు. అది ఎప్పుడో జరిగిపోయింది. చేయించుకోనా వద్దా అని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే జవాబు:

“నన్నడుగుతావేం? మీ అన్నని చూడవే!”

ఆమె అన్న లోవ్రే రాతిపనివాడు. సమాధిరాళ్ళు, గుమ్మాల రాళ్ళు చెక్కుతాడు. ఆరేళ్ళ కిందట నడుం కొడవలిలా వంగిపోయి, కుడిపాదం నేలకి ఈడుస్తూ, కుర్చీతో సహా ఎత్తి ఓడ ఎక్కిస్తే తప్ప కదలలేని స్థితిలో పట్నం వెళ్ళాడు. ఇదే ఆసుపత్రి, ఇదే డాక్టరు. మూడు వారాల తర్వాత ఓడ తిరిగొచ్చేసరికి రేవులో ముప్ఫై మంది ఉన్నారు. అప్పటికింకా బతికున్న తల్లి, కొడుకు నడిచొస్తే కొండమీది చర్చికి చెప్పుల్లేకుండా వస్తానని మొక్కుకుని అందరికన్నా ముందు నిలబడింది. లోవ్రే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఓడ స్తంభంలా నిటారుగా దిగాడు. “ఎలా ఉందిరా నొప్పి?” అని అరిచారెవరో. “పోయింది!” అన్నాడు. ముసలమ్మ అక్కడికక్కడే చెప్పులు విప్పేసింది.

ఆ ‘పోయింది’ ఊరంతా పాకింది. మరుసటేడు జాలరి బేపో చేయించుకున్నాడు. ఆ తర్వాత రొట్టెల కొట్టు లూత్సా. లూత్సా బాగుపడింది. బేపో రెండు చేతికర్రల మీద పడ్డాడు. “డాక్టరు చెప్పినన్నాళ్ళు పడుకుని ఉండడు, వలల దగ్గరికి పోయుంటాడు” అని ఊరు తీర్పు చెప్పి ఊరుకుంది. లోవ్రే ఉండగా ఆపరేషన్‌ని తప్పు పట్టేదెవరు?

ఈ చలికాలం వింకా అడిగింది. “అన్నయ్యా, నిజం చెప్పు. చేయించుకోనా?”

ఉలి ఆపలేదు, తల ఎత్తలేదు లోవ్రే. “చేయించుకో. ఆలస్యం చెయ్యకు” అన్నాడు.

ఆ రెండు ముక్కలు చాలు ఆమెకి.

అందుకే మే నెలాఖరులో ఆ మధ్యాహ్నం, ఆపరేషన్ తర్వాత కట్టుకునే బెల్టు కోసం బయల్దేరింది. దక్షిణపు గాలి వీస్తోంది. ఆ గాలి వీచిన రోజు నడుంలో తడిబట్ట పిండినట్టుంటుంది. వదిన నేదా బడి వంటింట్లో పనిచేస్తుంది, మూడింటికి గాని ఇంటికి రాదు. అన్న ఒంటిగంట నుంచి మూడింటి దాకా పనికొట్టంలోనే నిద్రపోతాడని ఊరందరికీ తెలుసు. ఆ వేళ కొట్టం తలుపు లోపల గడియ వేసి ఉంటుంది, ఎవరూ తట్టరు. వింకా కూడా తట్టేది కాదు. కానీ ముందువైపు పద్నాలుగు మెట్లు ఎక్కలేక, పెరటి దారిన వచ్చింది. ఉక్కకి కొట్టం పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది.

మొదట మూలుగు వినిపించింది. లోపలికి గొర్రె దూరి ఎక్కడో ఇరుక్కుందనుకుంది వింకా. తలుపు తోసి, గడప మీదే కొయ్యబారిపోయింది.

లోవ్రే నేలమీద ఉన్నాడు. నాలుగు కాళ్ళ జంతువులా మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, చల్లటి పాలరాతి పలకకి నుదురు ఒత్తిపెట్టి ఉన్నాడు. పళ్ళ మధ్య మడిచిన తువ్వాలు. పైకి తొలగిన చొక్కా కింద వీపు మీద పొడుగాటి కోత మచ్చ. ఆ కొయ్యలాంటి మనిషి ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు, చంటిబిడ్డని ఊపినట్టు తనని తానే ఊపుకుంటూ.

“అన్నయ్యా!”

లోవ్రే తల తిప్పాడు. తువ్వాలు నోట్లోంచి జారింది. ఆ కళ్ళని అలా ఆమె ఎప్పుడూ చూడలేదు.

“తలుపెయ్యి” అన్నాడు. “ముందు ఆ తలుపెయ్యి.”

ఆమె వేసింది. “పడ్డావా? డాక్టర్ని పిలవనా?”

“పడలేదు.”

“మరి?”

“మరేంటి? రోజూ ఉండేదే.”

ఆ ‘రోజూ’ అన్న మాట వింకాకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అన్న ముఖం చూసింది, నేల చూసింది. మోకాళ్ళు ఆనే చోట రెండు పాత గోనెసంచులు, మధ్యలో అరిగి నున్నగా అయిన రెండు గుంటలు. అలా అరగాలంటే ఒక రోజు చాలదు, ఒక నెల చాలదు. అప్పుడు ఆమె చూపు అలమర మీద పడింది. నొప్పి తగ్గించే మందుబిళ్ళల పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన విప్పిన కాగితపు పొట్లాలు. గోధుమరంగు కాగితం, నీలం దారం, మూల మీద ఒకే చేతిరాత: ‘రాయి నునుపు చేసే పొడి’.

ఆ పొట్లాలు ఆమెకి తెలుసు. నెలకొకటి చొప్పున ఆరేళ్ళుగా, అన్నతో పాటు సైన్యంలో పనిచేసిన స్నేహితుడి దగ్గర్నుంచి వస్తున్నాయి. ప్రతిదీ ఆమే మోసుకొచ్చింది. తన నడుం మండిపోతుంటే, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, “ఇదిగో నీ పొడి” అని నవ్వుతూ అతని చేతిలో పెట్టింది.

“ఇవన్నీ… నేనే తెచ్చానా?”

లోవ్రే గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. లేచి, అలవాటుగా నిటారుగా నిలబడ్డాడు. అది చూసేసరికి ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఆ నిలబడటం ఎంత కష్టపడి నిలబడటమో ఇప్పుడు కనిపిస్తోంది. దవడ ఎముక పక్కన నరం తెలుస్తోంది, పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. ఊరంతా ఆరేళ్ళుగా చూసి మెచ్చుకున్నది దీన్నే.

“పోయిందన్నావు కదరా” అంది. అన్నని ‘రా’ అన్నది చిన్నప్పుడు కూడా లేదు.

“ఓడ దిగుతుంటే అమ్మ ముందు నిలబడుంది. ముప్ఫై మంది నా నోటివంకే చూస్తున్నారు. ఏమనమంటావు? అలాగే ఉందనమంటావా? ఒక్క మాటే కదా, రెండు వారాల్లో నిజంగానే పోతుంది, అప్పుడు నిజమే అవుతుందనుకున్నా. పోలేదు. నెలైంది, పోలేదు. ఈలోగా అమ్మ కాళ్ళు రక్తాలోడేలా ఆ కొండెక్కి వచ్చింది. ఇంక ఎలా చెప్పను?”

“అమ్మ పోయి నాలుగేళ్ళయింది!”

“అప్పటికి బేపో చేయించుకున్నాడు.”

వింకా నిలబడలేక రాతిబల్ల అంచున కూర్చుంది. కూర్చుంటే నడుం అరిచింది, పట్టించుకోలేదు.

“సరే, బేపో సంగతి వదిలెయ్. నేను అడిగాను. చలికాలం ఇక్కడే నిలబడి, నిజం చెప్పన్నయ్యా అని అడిగాను. నువ్వేమన్నావు?”

లోవ్రే అలమర మీది పెట్టెలు సర్దబోయాడు.

“ఇంకో పదకొండు రోజులైతే నన్ను బల్ల మీద పడుకోబెట్టి వీపు కోసేవాళ్ళు. నువ్వు చూస్తూ ఊరుకునేవాడివా?”

“నీకు తగ్గుతుందనుకున్నా. లూత్సాకి తగ్గింది కదా.”

“తగ్గకపోతే?”

అతను ఆ గోనెసంచుల వంక చూశాడు. తర్వాత చెప్పిన మాట వింకా మరిచిపోదామన్నా మరిచిపోలేకపోయింది.

“తగ్గకపోతే,” అన్నాడు లోవ్రే, “ఈ బాధేంటో తెలిసినవాళ్ళు ఇంకొకరుంటారనుకున్నా.”

మిన్ను విరిగి మీద పడ్డట్టయింది ఆమెకి. కోపం రాలేదు, ఏడుపు రాలేదు. లేచి, వచ్చిన పెరటి దారినే బయటికొచ్చింది. బెల్టు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

సాయంత్రం రోకో వచ్చేసరికి వింకా వంటింటి గోడకి ఆనుకుని నిలబడే ఉంది. పొయ్యి వెలిగించలేదు. జరిగిందంతా చెప్పింది. రోకో నోరు తెరుచుకుని విన్నాడు.

“లోవ్రేనా?” అన్నాడు. మళ్ళీ, “మన లోవ్రేనా?”

“మన లోవ్రేనే.”

“ఆదివారం నాతో పాటు పడవ గట్టుకి లాగాడే!”

“లాగాడు. ఆ మధ్యాహ్నం ఆ పలక మీద ఎన్ని గంటలున్నాడో అడుగు వెళ్ళి.”

రోకో బల్ల దగ్గర కూలబడ్డాడు. “అయితే మానేద్దామా మరి? చెప్పు, రేపే ఫోన్ చేస్తా.”

“నాకేం తెలుసు!” అని అరిచింది. “నిన్నటిదాకా అన్నీ తెలుసు. ఇప్పుడు ఏమీ తెలీదు. అన్నకి పోలేదని నాకూ పోదనా? అన్నకి పోయిందని నాకూ పోతుందనేగా అనుకున్నాం? ఏ లెక్కన అనుకున్నాం మనం?”

రోకో లేచి బంగాళాదుంపల పొట్టు తియ్యడం మొదలుపెట్టాడు.

మర్నాడు వింకా అన్నకి కబురు పెట్టలేదు, తనే వెళ్ళింది. “గురువారం ఓడకి నాతో పట్నం వస్తున్నావు. డాక్టర్ ముందు నాకు చెప్పిందంతా చెప్తావు. ఈలోగా వదినకి చెప్పు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తా” అన్నాడు లోవ్రే. కానీ నేదా వంటింట్లోంచి రాగానే నోరు పెగల్లేదు. వింకానే మొదలుపెట్టాల్సి వచ్చింది. నేదా చేతిలో కూరాకు కట్ట పట్టుకుని నిలబడే వింది. అంతా విని, ముందుకొచ్చి మొగుడి చెంప మీద చెళ్ళున ఒకటి కొట్టింది.

“ఆరేళ్ళు!” అంది. “ఆరేళ్ళు రోజూ మధ్యాహ్నం గడియ వేసుకుంటే, లోపల ఎవత్తో ఉందనుకున్నా!”

లోవ్రే నోరు తెరిచాడు. “ఏంటీ?”

“ఎవరా అని ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ లెక్కేశా! పోస్టుమాస్టరు పెళ్ళాంతో మూడేళ్ళు మాట్లాడలేదు, అదేనేమోనని! పాపం ఆవిడకి ఎందుకో కూడా తెలీదు!”

“నేదా, నాకు వంగడమే రాదు, ఇంక…”

“నోర్ముయ్!” అని, ఆ అరిచిన గొంతుతోనే ఏడ్చేసింది. ఏడుస్తూ అతని వీపు మీద చెయ్యి వెయ్యబోయి, ఎక్కడ ముట్టుకుంటే నొప్పో తెలీక చెయ్యి గాల్లోనే ఆపేసింది. ఆ ఆగిన చెయ్యి చూసి వింకా బయటికి వచ్చేసింది.

గురువారం ముగ్గురూ ఓడెక్కారు. వింకా, రోకో, లోవ్రే. ఇద్దరు నడుం రోగులు కూర్చోలేక ఓడ కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. మామూలు మనిషి రోకో ఒక్కడే సిగ్గుపడుతూ బెంచీ మీద కూర్చున్నాడు.

డాక్టర్ మారుషిచ్ సన్నగా, నెరిసిన పొట్టిజుట్టుతో ఉంటుంది. లోవ్రే చెప్పిందంతా అడ్డు రాకుండా వింది. పాత కాగితాలు తెప్పించుకుని చూసింది.

“లోవ్రేగారూ, మీరు వచ్చినప్పుడు మీ కుడిపాదం పైకి లేచేది కాదు. నరం నలిగిపోతోంది. ఇంకో నెలయితే ఆ పాదం శాశ్వతంగా పోయేది. ఆపరేషన్ చేసింది దానికి. పాదం వచ్చిందా?”

“వచ్చింది.”

“నడుం నొప్పి గురించి ఆ రోజు మీకేం చెప్పాను?”

లోవ్రే గోడవంక చూశాడు. “మాటివ్వలేనన్నారు. ఉండిపోవచ్చన్నారు.”

వింకా అన్నవైపు తిరిగింది. “నీకు ముందే చెప్పారా?”

“చెప్పారు.”

“చెప్పినా…”

“వింకాగారూ,” అంది డాక్టరు. గొంతు మెత్తగానే ఉంది. “మీకూ చెప్పాను.”

“నాకా?”

డాక్టరు ఒక కాగితం బల్ల మీదుగా జరిపింది. ఫిబ్రవరి తేదీ. కింద వింకా సంతకం, ఇరవై రెండేళ్ళుగా రసీదుల మీద పెట్టి పెట్టి చెయ్యి తిరిగిన సంతకం. దాని పైన చేత్తో రాసిన నాలుగు వరసలు: కాలికి నొప్పి గాని, బలహీనత గాని లేదు. నొప్పంతా నడుంలోనే. ఇలాంటివాళ్ళలో ఆపరేషన్ వల్ల కొందరికి తగ్గుతుంది, కొందరికి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, కొందరికి పెరగనూ వచ్చు. ఎవరికి ఏది జరుగుతుందో ముందుగా చెప్పలేం. వ్యాయామం, నొప్పి విభాగం వైద్యం కూడా దారులేనని వివరించడమైనది.

“ఇవన్నీ మీకు చదివి వినిపించాను. అర్థమైందా అని రెండుసార్లు అడిగాను. మీరు తలాడించారు.”

వింకాకి ఆ రోజు గుర్తొచ్చింది. బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ గుర్తొచ్చింది. కిటికీ బయట క్రేను గుర్తొచ్చింది. డాక్టరు పెదవులు కదలడం కూడా గుర్తొచ్చింది. మాట ఒక్కటి కూడా గుర్తు లేదు. ఆ పెదవులు కదులుతున్నంతసేపూ ఆమె కళ్ళముందు ఓడ దిగి నిటారుగా నడిచొచ్చే అన్న ఉన్నాడు.

“రోకో,” అంది, “నువ్వు విన్నావా?”

రోకో టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. “విన్నాను. నువ్వు చేయించుకుంటానని కళ్ళల్లో వెలుగు పెట్టుకున్నావు. నేనెందుకు ఆర్పాలి అనుకున్నా.”

అన్న అబద్ధం చెప్పాడని రెండురోజులుగా లోపల మండుతోంది ఆమె. తనకి నిజం చెప్పినవాళ్ళూ ఉన్నారనీ, వినిపించుకోనిది తనేననీ తెలిసేసరికి ఆ మంట పోవడానికి చోటు లేకుండా పోయింది.

“లోవ్రేగారిని పక్కన పెట్టండి” అంది డాక్టరు. “మీకేం కావాలో చెప్పండి.”

“తొమ్మిదేళ్ళ కిందట ఎలా ఉన్నానో అలా ఉండాలి.”

“అది నేను ఇవ్వలేను. ఏ ఆపరేషనూ ఇవ్వదు. కొంచెం తేలిక కోసం ప్రయత్నించమంటే ప్రయత్నిస్తాను. వద్దంటే, వద్దన్నందుకు నాకేం కోపం లేదు. సోమవారం లోగా చెప్పండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎప్పుడైనా పాదం వాలిపోయినా, కాళ్ళ మధ్య తిమ్మిరెక్కినా, ఒంటికి పోవడం మీద పట్టు తప్పినా, ఒక్కరోజు కూడా ఆగొద్దు. తర్వాతి ఓడకే రండి.”

“ఈసారి విన్నాను” అంది వింకా.

శుక్రవారం పోస్టు పంచుతూ రొట్టెల కొట్టులోకి వెళ్ళింది. లూత్సా చేతులు పిండితో ఉన్నాయి.

“లూత్సా, మా అన్న సంగతి వదిలెయ్, ఆ డాక్టరమ్మ సంగతీ వదిలెయ్. నీకేం పోయింది, ఏం మిగిలింది? దాచకుండా చెప్పు.”

లూత్సా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “కాలిది పోయింది. తుంటి నుంచి మడమ దాకా కాల్చిన ఇనప తీగలా ఉండేదే, అది మత్తులోంచి లేచేసరికి లేదు. నడుం మాత్రం పిండిబస్తా ఎత్తితే ఇప్పటికీ పట్టేస్తుంది. కానీ రేపు మళ్ళీ చేయించుకోమన్నా చేయించుకుంటా. నీకు కాలు లాగుతుందా?”

“లేదు.”

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ లేదు.”

“మరి నాది నీకెలా పనికొస్తుందే?” అంది లూత్సా. అని, తనే ఉలిక్కిపడింది. “అయ్యో, నిన్ను చేయించుకోమని నేనూ చెప్పానుగా!”

అక్కడినుంచి బేపో ఇంటికి. బేపో గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి. పింఛను కాగితం మీద సంతకం పెట్టించుకున్నాక వింకా కదల్లేదు.

“బేపో బాబాయ్, నీకొక సంగతి చెప్పాలి. మా అన్నకి నొప్పి పోలేదు.”

“తెలుసు” అన్నాడు బేపో.

ఆమెకి చెవులు తప్పు విన్నాయనిపించింది. “ఏం తెలుసు?”

“మీ అమ్మ శవపేటిక మీ అన్న మోసినప్పుడు నేను వెనకాలే కర్రల మీద నడిచా. అందరూ ముందుకి చూస్తారు. నేను కిందకి చూసి నడవాలి, లేకపోతే పడతా. వాడి చెమట చుక్కలు రాళ్ళ మీద వరసగా పడ్డాయి. జనవరి నెల అది. ఏడుపు చుక్కలైతే ముఖం కింద పడతాయి, ఇవి మోచేతుల కింద పడ్డాయి. అప్పుడే తెలిసింది.”

“తెలిసి నాలుగేళ్ళు ఊరుకున్నావా?”

“వాడే వచ్చి చెప్తాడని చూశా. ఈ గుమ్మం తొక్కడం మానేశాడు.” బేపో కర్ర చివరతో నేల గీశాడు. “వాణ్ణి చూసి చేయించుకున్నానని ఊరనుకుంటుంది. అదేం కాదు. వాడు చెప్పకపోయినా చేయించుకునేవాణ్ణే. అంత నొప్పి. నా ఖర్మకి నరం దెబ్బతింది. డాక్టరు అది కూడా ముందే చెప్పింది. కానీ వాడొచ్చి ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుంటే, నాకింత ఒంటరిగా ఉండేది కాదు.”

వింకా మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, సంచి కింద పెట్టి, గోడకి నుదురు ఆనించింది. ఒక ఊళ్ళో, వంద గడపల ఊళ్ళో, అందరి చేతికీ ఉత్తరాలిచ్చే తనకి ఎవరింట్లో ఏముందో తెలియలేదు.

సోమవారం పొద్దున ఆసుపత్రికి తనే ఫోన్ చేసింది. “వద్దండి. ఎప్పటికీ వద్దని కాదు. ఇప్పుడు వద్దు. ముందు రెండో దారి చూస్తాను.” అవతల గుమస్తా, “సరేనండి” అని పెట్టేసింది. ఇన్నాళ్ళు మోసిన నిర్ణయం అయిదు సెకన్లలో అయిపోయింది. వింకా ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తప్పు చేశానా అని భయం పట్టుకుంది. ఆ భయం ఆ వారమంతా పోలేదు. ఆరో తేదీ రాత్రి నొప్పితో మంచం మీద దొర్లుతూ, ఈపాటికి అయిపోయి ఉండేది కదా అని ఏడ్చింది కూడా.

లోవ్రేతో నాలుగు నెలలు మాట్లాడలేదు. అతని పొట్లం వస్తే గుమ్మంలో పెట్టి వచ్చేసేది. ఆగస్టు నుంచి పొట్లాలు రావడం ఆగిపోయింది. నేదా అతన్ని పట్నంలో నొప్పి విభాగానికి లాక్కుపోయిందనీ, బిళ్ళలు తగ్గించేటప్పుడు వారం రోజులు పిచ్చివాడిలా అయిపోయాడనీ రోకో చెప్పాడు. బేపో ఇంటికి వెళ్ళాడని కూడా చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలీదు. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం దాకా బయటికి రాలేదట. ఆ మర్నాటి నుంచి కొట్టం తలుపుకి గడియ లేదు. మధ్యాహ్నం వేళ లోవ్రే నేలమీద ఉంటే, దారినపోయే వాళ్ళకి కనిపిస్తుంది. మొదటివారం ఊరు ఊరంతా గుమ్మంలో నిలబడి నోళ్ళు నొక్కుకుంది. పోస్టుమాస్టరు పెళ్ళాం మాత్రం, నేదా హఠాత్తుగా కేకు తెచ్చి ఎందుకిచ్చిందో ఇప్పటికీ తెలుసుకోలేకపోయింది.

వింకా పోస్టులో సగం మెట్లు ఇంకొకరికి అప్పగించింది. సాయంత్రాలు సముద్రంలో నడుంలోతు నీళ్ళలో నడుస్తుంది. పట్నంలో వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పినవి చేస్తుంది, తిట్టుకుంటూ చేస్తుంది. నొప్పి పోలేదు. వారానికి అయిదు చెడ్డరోజులుండేవి, మూడయ్యాయి. కూర్చుని భోజనం పూర్తి చేసిన మొదటి పూట రోకో ఇంకో చేప వడ్డించాడు.

అక్టోబరులో ఒకరోజు లోవ్రే ఆమె ఇంటికి వచ్చాడు. నిటారుగా రాలేదు. కొంచెం వంగి, ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని, తీరిగ్గా ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. వింకా అత్తిపళ్ళు ఎండబెడుతోంది. పొమ్మనలేదు, రమ్మనలేదు. అతనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“నడుంలో పాత మరల్లో ఒకటి వదులైందట” అన్నాడు. “కొత్తగా తీసిన ఎక్స్‌రే బొమ్మల్లో కనిపించింది. మళ్ళీ తెరిచి బిగిస్తే కొంత తగ్గొచ్చట, తగ్గకపోనూ వచ్చట. ఈసారి కాగితం మొత్తం చదివా. నేదా గట్టిగా చదివించింది.”

వింకా చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. “మళ్ళీ కొయ్యాలా?”

“అదే తేల్చుకోలేకపోతున్నా.” అతను ఆమెవైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. చేయించుకోనా?”

నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు, రెండే ముక్కలు, ‘వద్దు, చేయించుకోకు’. ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో ఆ మాట! అలా వచ్చేసినందుకే వింకాకి వెన్నులో చలి పుట్టింది. పెదవులు బిగించేసుకుంది.

“నాకు తెలీదన్నయ్యా” అంది చివరికి. “నిజంగా తెలీదు.”

లోవ్రే తలూపాడు. ఆమె చాప మీదున్న పళ్ళు కొంచెం పక్కకి జరిపి చోటు చేసింది. ఇద్దరూ కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మూలుగుతూ, ఎలాగో కూర్చున్నారు.

“సరే, ఇప్పుడు మొదట్నించి చెప్పు” అంది వింకా. “డాక్టరు ఏమంది? అన్నీ చెప్పు. ఏదీ వదలకు.”